‘వారంటీలో రాదు మేడమ్’ అంటే ఏం చేయాలి

పోయిన కార్తీకంలో ఒక శనివారం సింహాచలం అప్పన్న దర్శనం చేసుకుని అడవివరం వైపు దిగుతున్నాం. ఒక మలుపు దగ్గర స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. పూర్తిగా ఆగిపోలేదు గానీ, పప్పు రుబ్బే రోలు తిప్పినట్టు రెండు చేతులా తిప్పాల్సి వచ్చింది. డాష్‌బోర్డు మీద పసుపు రంగులో స్టీరింగ్ బొమ్మ వెలిగింది. పక్కన మా ఆయన, నాలుగు నెలల కిందటే మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, పైన హ్యాండిల్ పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎలాగో బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలయ్యాక మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు మామూలైపోయింది.

సోమవారం పొద్దున్నే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళాను. బండి కొని 2 సంవత్సరాల 4 నెలలు, తిరిగింది 19 వేల కిలోమీటర్లు. వారంటీ 3 సంవత్సరాలు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. కాబట్టి నాకు టెన్షన్ లేదు. అరగంట తర్వాత సర్వీస్ అడ్వైజర్ వచ్చి, “మేడమ్, మీరు బీచ్ సైడ్ ఉంటారు కదా, ఉప్పు గాలికి కనెక్టర్ తుప్పు పట్టేసింది. ఇది వారంటీలో రాదు. స్టీరింగ్ కాలమ్ మార్చాలి, 48,600 అవుతుంది” అన్నాడు. కనెక్టర్ అంటే వైర్లు కలిపే ప్లగ్గు, కాలమ్ అంటే స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ భాగం.

నేను 31 ఏళ్ళు పోస్టాఫీసు కౌంటర్‌లో కూర్చున్నాను. ‘ఉత్తరం రాలేదు’ అని నోటితో చెబితే దానికి విలువ ఉండదు. ఏ తేదీన, ఏ నంబరు కవరు, ఎవరి సంతకం అని కాగితం చూపిస్తేనే మాట ముందుకు కదులుతుంది. ఆ అలవాటే ఇక్కడ నాకు పనికొచ్చింది. సర్వీస్ సెంటర్ ‘కాదు’ అన్నది నోటి మాటగా ఉన్నంతవరకు అది ఎవరిదీ కాదు. రేపు అడిగితే ‘మేం అలా అనలేదే’ అంటారు. ఆ ‘కాదు’ను కారణంతో సహా కాగితం మీదికి తెప్పించడమే మన మొదటి పని. మిగతావన్నీ దాని తర్వాతే.

కాగితం అంటే ముందు జాబ్ కార్డ్. బండి లోపలికి వెళ్ళేముందు అడ్వైజర్ టైప్ చేసేది అదే, తర్వాత ఏ తగాదా వచ్చినా అందరూ చూసేదీ అదే. నా జాబ్ కార్డ్‌లో అతను మొదట కొట్టింది ‘స్టీరింగ్ జనరల్ చెకప్’ అని. అలా వదిలేస్తే నేనేదో మామూలు చెకప్‌కు వచ్చినట్టవుతుంది. తీయించి, నా మాటల్లో రాయించాను: ‘శనివారం ఉదయం 11 ప్రాంతంలో ఘాట్ రోడ్డు దిగుతుండగా స్టీరింగ్ హఠాత్తుగా బరువెక్కింది. వార్నింగ్ లైట్ వెలిగింది. ఇంజిన్ ఆపి మళ్ళీ వేస్తే పోయింది. ప్రయాణం ప్రమాదకరంగా ఉంది.’ అంత పొడుగ్గా పట్టదన్నాడు. పట్టినంత టైప్ చేసి, మిగతాది ప్రింటు మీద చేత్తో రాయమన్నాను. రాశాడు. కిలోమీటర్ల రీడింగ్, తేదీ, టైము ఉన్నాయో లేదో చూసుకుని సంతకం చేసి, నా కాపీ తీసుకున్నాను. ఇప్పుడు చాలాచోట్ల ట్యాబ్‌లోనే సంతకం పెట్టించుకుంటున్నారు. అలాగైతే ఓటీపీ చెప్పేముందు స్క్రీన్ ఫోటో తీసుకోండి. ఎస్టిమేట్ మెసేజ్ వచ్చి ‘అప్రూవ్’ నొక్కమంటే మాత్రం చదవకుండా నొక్కకండి. నొక్కితే ఆ డబ్బుకు మీరు ఒప్పుకున్నట్టే.

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. అలాంటి స్టీరింగ్‌తో సర్వీస్ సెంటర్ దాకా నేనే నడుపుకుంటూ వెళ్ళాను. మీరు వెళ్ళకండి. స్టీరింగ్, బ్రేకు, ఎయిర్‌బ్యాగ్ లైటు లాంటివైతే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసి టోయింగ్ బండి మీద పంపండి. మీ ప్రాణం ముందు. పైగా టోయింగ్ స్లిప్పు కూడా ఒక కాగితమే.

ఆ రాత్రి వారంటీ పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. రెండేళ్ళు గ్లవ్‌బాక్స్‌లో కవరు కూడా విప్పకుండా పడి ఉన్న పుస్తకం అది. వారంటీలో రానివాటి పట్టిక ప్రతి కంపెనీ పుస్తకంలో ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు, వైపర్ రబ్బర్లు, క్లచ్ ప్లేటు లాంటి అరిగిపోయే సామాన్లు, యాక్సిడెంట్ దెబ్బలు, ఎలుకలు కొరికిన వైర్లు, వరద నీళ్ళు, బయట బిగించిన యాక్సెసరీల వల్ల వచ్చినవి మామూలుగా అందులో ఉంటాయి. మీ సమస్య నిజంగా వీటిలో ఒకటైతే సర్వీస్ సెంటర్‌తో పోట్లాడి లాభం లేదు. యాక్సిడెంటు, వరద లాంటివైతే ఇన్సూరెన్స్ పాలసీ తీయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో చెట్లు పడి నుజ్జయిన కార్లకు డబ్బు ఇన్సూరెన్స్ నుంచి రావాల్సిందే గానీ వారంటీ నుంచి కాదు.

నా పుస్తకంలో తుప్పు గురించి ఉన్నది ఒకే ఒక వాక్యం. బాడీ, పెయింటు మీద బయటి వాతావరణం వల్ల వచ్చే తుప్పు వారంటీలోకి రాదని. స్టీరింగ్ కాలమ్ ఉండేది కారు లోపల, డాష్‌బోర్డు కింద, నా కాళ్ళ పైన. దానికీ పెయింటుకీ సంబంధం లేదు. ఆ పేజీకి ఒక చీటీ అంటించుకున్నాను. అసలు సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో షోరూమ్ పెట్టి, మా ఇంటి అడ్రసు రాసుకుని మరీ బండి అమ్మినవాళ్ళు, సముద్రం గాలి వల్ల పాడైందని చేతులు దులుపుకుంటే ఎలా? విశాఖలో ఉప్పు గాలి తగలని కారు ఎక్కడుంటుంది?

మర్నాడు కంచరపాలెం నుంచి మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిపించాను. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తగిలించి చూశాడు. సీ అక్షరంతో మొదలయ్యే కోడ్ వచ్చింది. పీ అయితే ఇంజిన్‌దట, సీ అంటే స్టీరింగ్, బ్రేకుల వైపుదట. స్టీరింగ్‌ను మనం ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచే టార్క్ సెన్సర్ కోడ్ అన్నాడు. బ్యాటరీ వీకైనా ఆ లైటు వెలుగుతుందట, అందుకని అదీ కొలిచాడు. ఇంజిన్ ఆపి ఉంటే 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 పైన. బ్యాటరీ బాగానే ఉంది. కనెక్టర్ ఒకసారి విప్పి చూడమంటే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నేను ముట్టుకోనమ్మా. ముట్టుకుంటే బయటోళ్ళు విప్పేశారని మీ మీదికే తోసేస్తారు. ఆళ్ళ చేతే విప్పించండి, మీరు ఎదర నిలబడి సూడండి.” ఈ మాట గుర్తుపెట్టుకోండి. వారంటీలో ఉన్న బండికి బయటి మెకానిక్ చూసి చెప్పడం వరకే. స్క్రూ కూడా విప్పనివ్వకండి. స్కానర్ స్క్రీన్ మాత్రం ఫోటో తీసుకోండి, బండి రీడింగ్ కూడా కనిపించేలా.

బుధవారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి వర్క్స్ మేనేజర్‌ను కలిసి, “తుప్పు అన్నారు కదండీ, ఒక్కసారి చూపించండి” అని మాత్రమే అడిగాను. గొంతు పెంచలేదు. వర్క్‌షాప్ లోపలికి కస్టమర్లను రానివ్వమన్నారు. అయితే బండి బయటికి తెచ్చి చూపించమన్నాను, పోర్టికోలో నిలబడ్డాను. ఇరవై నిమిషాల తర్వాత తెచ్చారు. ఒక కుర్రాడు డ్రైవర్ సీటు ముందు వెల్లకిలా పడుకుని, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ ప్యానెల్ క్లిప్పులు ఊడదీసి, కనెక్టర్ లాక్ నొక్కి లాగాడు. నేను ఫోన్ టార్చి వేసి వంగి చూశాను. తుప్పు పట్టిన కనెక్టర్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా పాత స్కూటర్ బ్యాటరీ టెర్మినల్ మీద చూశాను, పాచిలాగా పచ్చగా, పొడిపొడిగా ఉంటుంది. ఇక్కడ పిన్నులు కొత్త సూదుల్లా మెరుస్తున్నాయి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మీద తడి మరక కూడా లేదు. ఆ కుర్రాడే, “క్లీన్‌గానే ఉంది సార్” అన్నాడు. మేనేజర్ ఏమీ మాట్లాడలేదు. నేను జాబ్ కార్డ్‌ను కనెక్టర్ పక్కన పెట్టించి, నంబరూ తేదీ కనబడేలా నాలుగు ఫోటోలు, ఒక వీడియో తీసుకున్నాను. అడ్వైజర్ ఇంకెవరి కారులోనో చూసిన తుప్పు నాకు చెప్పాడో, అసలు విప్పకుండానే చెప్పాడో నాకు తెలియదు. కానీ ‘చూపించండి’ అని అడగకపోయి ఉంటే 48,600 కట్టేసి వచ్చేదాన్ని.

ఇక రాతపూర్వకంగా ఇమ్మన్నాను. ఏ భాగం, ఏ కారణంతో, వారంటీ పుస్తకంలో ఏ నిబంధన కింద కాదంటున్నారు, ఈ మూడూ రాసి సంతకం పెట్టమన్నాను. “అలా రాసిచ్చే ఆప్షన్ సిస్టమ్‌లో లేదు మేడమ్.” చాలామందికి ఎదురయ్యే జవాబు ఇదే. దీనికి మందు సులభం. వాళ్ళు రాయకపోతే మీరు రాయండి. అక్కడే కుర్చీలో కూర్చుని, ఫోన్‌లోంచి సర్వీస్ సెంటర్ మెయిల్‌కు, కంపెనీ కస్టమర్ కేర్ మెయిల్‌కు ఇలా పంపాను:

‘నా కారు నంబరు, జాబ్ కార్డ్ నంబరు ఇవి. సోమవారం మీ సర్వీస్ అడ్వైజర్ స్టీరింగ్ కాలమ్ కనెక్టర్ తుప్పు పట్టిందనీ, అందువల్ల వారంటీ వర్తించదనీ, 48,600 రూపాయలు చెల్లించాలనీ నోటిమాటగా చెప్పారు. ఈ రోజు మీ వర్క్స్ మేనేజర్ సమక్షంలో మీ టెక్నీషియన్ కనెక్టర్ విప్పి చూపగా తుప్పు లేదు. ఫోటోలు జతచేశాను. వారంటీ కింద మరమ్మతు చేయండి, లేదా ఏ నిబంధన కింద నిరాకరిస్తున్నారో 7 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. పై విషయాల్లో ఏదైనా పొరపాటు ఉంటే సరిచేస్తూ జవాబివ్వండి.’

చివరి వాక్యం చిన్నదే గానీ బలమైనది. జవాబివ్వకపోతే, మీరు రాసినదాన్ని వాళ్ళు కాదనలేదని తర్వాత చూపించవచ్చు. మెయిల్‌లో తిట్లు వద్దు, ‘మోసగాళ్ళు’ లాంటి మాటలు వద్దు. రేపు దాన్ని మూడో మనిషి చదువుతాడని అనుకుని రాయండి.

సర్వీస్ సెంటర్ ఎందుకు కాదంటుందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. వారంటీ పని సర్వీస్ సెంటర్ నడిపే డీలర్ చేస్తాడు, డబ్బు కంపెనీ ఇస్తుంది. డీలర్ క్లెయిమ్ పంపితే కంపెనీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే సామాను ఖర్చు, కూలి డీలర్ నెత్తి మీద పడతాయి. అందుకే కాస్త అనుమానం ఉన్నదాన్ని ముందే ‘రాదు’ అనేయడం వాళ్ళకు సుఖం. అంటే, అడ్వైజర్ మీద అరిచినా అతని చేతిలో ఏమీ లేదు. అవునని చెప్పగలిగేది కంపెనీ తరఫున ఈ ఏరియా చూసే సర్వీస్ మేనేజర్. ఆయన డీలర్ల దగ్గరికి తిరుగుతూ ఉంటాడు. ‘మీ ఏరియా సర్వీస్ మేనేజర్ ఈసారి ఎప్పుడు వస్తారు, నా బండి ఆయన చూసేలా పెట్టండి’ అని అడగండి, అదీ మెయిల్‌లోనే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబరు తీసుకోకుండా పెట్టేయకండి. ‘సమస్య పరిష్కరించాం’ అని మెసేజ్ పంపి మూసేస్తారు. అప్పుడు మళ్ళీ తెరిపించాలి. నాది రెండుసార్లు మూశారు.

ఇతర రకాల ‘కాదు’లు కూడా ఉన్నాయి. ‘మాకు సమస్య కనబడలేదు’ అనేది బాగా విసిగించేది, ఎందుకంటే అప్పుడప్పుడూ వచ్చే సమస్య వాళ్ళ దగ్గర రాదు. దానికి వీడియో ఒక్కటే దారి. బండి ఆపాక లైటును, రీడింగును కలిపి తీయండి, పక్క సీట్లో మనిషి ఉంటే నడుస్తున్నప్పుడే తీయించండి. ఆ తర్వాత టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే దారిలో వెళ్ళండి. సర్వీస్ సెంటర్ చుట్టూ నున్నటి రోడ్డు మీద ఒక రౌండు వేస్తే ఏమీ తెలియదు. ‘పార్టు రాలేదు’ అంటే ఆర్డర్ పెట్టిన తేదీ, ఆర్డర్ నంబరు అడగండి. చాలాసార్లు ఆర్డరే పెట్టి ఉండరు. ‘మీరు విజయవాడలో కొన్నారు, అక్కడికే వెళ్ళండి’ అంటే, వారంటీ ఇచ్చింది కంపెనీ గానీ ఆ షోరూమ్ కాదు. ఏ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా చేస్తారని పుస్తకంలో ఉన్న వాక్యం వేలు పెట్టి చూపించండి. ‘బయట ఆయిల్ మార్పించారు కాబట్టి మొత్తం వారంటీ పోయింది’ అంటే, ఆ ఆయిల్‌కీ ఈ స్టీరింగ్‌కీ ఉన్న సంబంధం రాసివ్వమనండి. 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే ప్రభుత్వ సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించుకుంటే వారంటీ మొత్తం రద్దనే గంపగుత్త షరతు పెట్టకూడదని చెప్పింది. ఆ కేసు తర్వాత అప్పీలుకు వెళ్ళింది కాబట్టి దాని మీదే భారం వేయకండి. మీ సర్వీస్ బిల్లులు మీ దగ్గర ఉండటం అంతకన్నా ముఖ్యం.

ఒకవేళ బండి తప్పనిసరిగా కావాలి, డబ్బు కట్టకపోతే వదలరు అనుకోండి. చేసిన పనికి డబ్బు వచ్చేదాకా బండి అట్టిపెట్టుకునే హక్కు రిపేరు చేసినవాళ్ళకు కాంట్రాక్టు చట్టంలో ఉంది, కాబట్టి గేటు దగ్గర గొడవ వద్దు. కట్టండి. కట్టేటప్పుడు బిల్లు రెండు కాపీల మీదా ‘వారంటీ వర్తిస్తుందన్న నా హక్కు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం పెట్టండి. తీసేసిన పాత పార్టు ఇమ్మనండి. పాత పార్టే లేకపోతే తర్వాత ఏ నిపుణుడు వచ్చినా చూడటానికి ఏమీ ఉండదు.

నా మెయిల్‌కు 7 రోజులు జవాబు లేదు. అప్పుడు రెండు పనులు చేశాను. ఒకటి 1915కు ఫోన్. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. అది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు. మన ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. కానీ పెద్ద కంపెనీల్లో ఆ ఫిర్యాదులు చూసే మనుషులు వేరే ఉంటారు, డీలర్ కౌంటర్‌లో ఇరుక్కున్న విషయం పైకి వెళ్తుంది. రెండోది నా పాత అలవాటు, ఉత్తరం. మెయిల్‌లో ఉన్నదే కాగితం మీద పెట్టి, డీలర్‌కు ఒకటి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు ఒకటి స్పీడ్ పోస్టు చేశాను. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇప్పుడు కౌంటర్‌లో స్పీడ్ పోస్టే అడగాలి. అందినట్టు రుజువు కావాలని కూడా చెప్పండి. రసీదు రంగు వెలిసిపోతుంది, వెంటనే ఫోటో తీయండి. ఎన్ని వేల రసీదులు కౌంటర్ మీంచి ఇచ్చానో, వాటిలో ఎన్ని జనం అక్కడికక్కడే నలిపి పారేయడం చూశానో!

ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది: 15 రోజుల్లో పరిష్కరించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని. ఉత్తినే బెదిరింపుగా రాయలేదు, వెళ్ళడానికి సిద్ధపడే రాశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్ళోనే కేసు వేయాలని లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్‌కే. ఫీజు 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. సమస్య తలెత్తిన రోజు నుంచి 2 సంవత్సరాల లోపు వేయాలి. డీలర్‌నూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. ఒకరినే పెడితే రెండోవాళ్ళ మీదికి నెట్టేస్తారు. లోపం ఉందో లేదో తేల్చాలంటే కమిషన్ వస్తువును పరీక్షకు పంపగలదు, అందుకే పార్టు, ఫోటోలు, కోడ్ జాగ్రత్త అన్నాను. కేసు మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది గానీ, వాయిదాలకు ఓపిక ఉంచుకోండి.

నాకు అంతదాకా రాలేదు. ఉత్తరం అందిన నాలుగో రోజు ఏరియా సర్వీస్ మేనేజర్ ఫోన్ చేశారు. బండిని టోయింగ్‌లో పంపాను. ఆయన స్వయంగా పక్కన కూర్చుని హనుమంతవాక దాకా వెళ్ళివచ్చారు, లైటు దారిలోనే వెలిగింది. కనెక్టర్ ఫోటోలు చూపించాను. “తుప్పు అని ఎవరన్నారు?” అని అడిగారు, సర్వీస్ అడ్వైజర్ అని చెప్పి జాబ్ కార్డ్ ఇచ్చాను. వారంటీలో అప్రూవ్ అయింది, పార్టు రావడానికి వారం పట్టింది. మొత్తం మీద మొదటి సోమవారం నుంచి 24 రోజులు.

బండి తీసుకునేటప్పుడు చూసుకోవాల్సినవి కూడా చెప్పేస్తాను. ‘సున్నా బిల్లు, కాగితం అవసరం లేదు’ అంటారు. అవసరమే. ఏ పార్టు మార్చారో నంబరుతో సహా ఉన్న ఇన్‌వాయిస్ అడగండి. అదే సమస్య మళ్ళీ వస్తే ఇది రెండోసారని చూపించేది అదొక్కటే. కొత్త పార్టుకు వారంటీ కొత్తగా మొదలవుతుందా, బండి వారంటీ మిగిలినంత కాలమేనా అని మెయిల్‌లో అడిగాను. బండి వారంటీతోపాటే ముగుస్తుందని జవాబు వచ్చింది. అది తెలిశాక వారంటీ ముగిసే నెలకు రెండు నెలల ముందు ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాను, అప్పుడొకసారి స్టీరింగ్ మొత్తం చెక్ చేయించాలని. ఆ మెయిల్ ప్రింటు, జాబ్ కార్డ్, నాలుగు ఫోటోలు, రెండు స్పీడ్ పోస్టు రసీదులు ఇప్పుడు వారంటీ పుస్తకంతో పాటు గ్లవ్‌బాక్స్‌లోనే ఉన్నాయి. ఆ తర్వాతి శనివారం మా ఆయనను ఎక్కించుకుని మళ్ళీ కొండకు వెళ్ళాను. ఆ మలుపు దగ్గర ఆయన చెయ్యి అలవాటుగా పైన హ్యాండిల్ వైపు వెళ్ళింది. నేను ఒక చేత్తోనే తిప్పాను.